చెప్పుల కాపలా

పౌలురాజు ఆఫీసులో నా పక్క సీటు, ఢిల్లీ మయూర్ విహార్‌లో నా కింది ఫ్లాటు. అంటే పగలూ రాత్రీ తప్పని పీడ. వాడి భార్య మార్త ఆసుపత్రిలో నర్సు, ఉప్పాడ పిల్ల. తండ్రి సిలాసు సముద్రంలో వలేసి ఆమెను చదివించాడు. ఆ చదువు తెచ్చే జీతంతో దర్జా వెలగబెడుతూ, పౌలురాజు మాత్రం మామగారు హెడ్మాస్టరని ఊరంతా చెప్పుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

చెప్పుకుంటే చెప్పుకున్నాడు. ఎనభై నాలుగులో ఆ ముసలాయన కంటి ఆపరేషన్‌కి ఢిల్లీ వచ్చాడు. సరిగ్గా అప్పుడే మా పై అధికారి భార్య జానకీదేవి పౌలురాజు ఇంటికి టీకి వచ్చింది. పంచె ఎగ్గట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్న ఆయన్ని చూసి ఎవరని అడిగింది.

"మా ఊరి పనివాడండీ," అన్నాడు పౌలురాజు.

ఆవిడ తాగిన కప్పు ఆయన చేతికిచ్చి కడిగి పెట్టమంది. కంటికి కట్టుతోనే ఆయన కప్పు కడిగాడు. మర్నాడు కట్టు విప్పించుకోకుండానే రైలెక్కాడు. ఏడాది తిరక్కుండా పోయాడు.

"ఆవేళ నా నోరెందుకు పెగల్లేదు వదినా?" అని మార్త మా ఆవిడ దగ్గర ఏడ్చింది. అప్పట్నుంచీ మొగుడితో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. మంచి పని చేసింది.

ఎనభై ఏడులో, సర్కారు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ మీద మా ఆఫీసు కుటుంబాలన్నీ లక్షద్వీప్ వెళ్లాయి. జానకీదేవిగారిదే పెత్తనం. కొచ్చిన్‌లో ఓడ ఎక్కేముందు పౌలురాజు నా ఎదుటే భార్యకి హుకుం జారీ చేశాడు.

"నువ్వు నీళ్లలోకి దిగొద్దు. నీ ఈత చూస్తే ఎవరి పిల్లవో అందరికీ తెలిసిపోద్ది. అచ్ఛా?"



దీవి చుట్టూ పగడపు దిబ్బ, దాని లోపల అలల్లేని మడుగు. నెమలికంఠం రంగు నీళ్లు. నిలువు లోతులో కూడా అడుగున ఇసక కనబడుతోంది. ఢిల్లీ జనం చీలమండల దాకా దిగి కెవ్వుమంటున్నారు. సముద్రం పక్కన పుట్టిన మనిషిని మాత్రం ఆ మహానుభావుడు ఒడ్డున అందరి చెప్పులకూ కాపలా కూర్చోబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కాసేపటికి చూస్తే చెప్పులున్నాయి, మార్త లేదు. చీర గోచీ పోసి కట్టి, మడుగు నడిమధ్యకి ఈదుకుంటూ పోతోంది.

"మార్తా, వచ్చెయ్యి. మేడమ్ చూస్తున్నారు," అని పౌలురాజు అరుస్తున్నాడు. వాడికి ఈత రాదు. మోకాళ్ల లోతులో ఆగిపోయి చేతులూపుతుంటే నా కడుపు చల్లబడింది.

ఆమె తనకి చాలనిపించాకే తిరిగొచ్చింది. జానకీదేవి ముచ్చటపడి ఎదురెళ్లింది.

"హెడ్మాస్టరుగారి అమ్మాయివి, ఇంత ఈత ఎవరు నేర్పారమ్మా?"

కొంగు పిండుకుంటూ మార్త మొగుడి వైపు చూసింది. వాడు కళ్లతోనే వద్దంటున్నాడు.

"మా నాన్నండి. హెడ్మాస్టరు కాదు, వలేసి బతికినోడు. మీరూ చూశారండి ఆయన్ని. కంటికి కట్టుతో మీ కప్పు కడిగాడు."

జానకీదేవి మొహం పాలిపోయింది. "ఆయనా?" అని పౌలురాజుని అడిగింది. వాడి నోరు పెగల్లేదు.

మార్త తన చెప్పులు తను వేసుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఎవరివి వాళ్లు వెతుక్కున్నారు.