మైకు రాడ్డు మీద ఎర్ర గీత

మా ప్రాంతం నుంచి అసెంబ్లీకి వెళ్ళిన మొదటి ఆడమనిషి ఆమె. నేను ఏడో తరగతితో సరిపెట్టుకుని మైకు సెట్ల పనిలో చేరినవాణ్ణి. మా ఇద్దరినీ కలిపింది ఒక ఇనుప రాడ్డు.

రెజిమెంటల్ బజార్‌లో ఆమె మొదటి సభ. అలవాటుగా మైకును మగవాళ్ళ ఎత్తులో పెట్టాను. ఆమె పొట్టి మనిషి.

"స్టూల్ తెస్త అమ్మా" అన్నాను.

"నేనెందుకు ఎక్కాలె తమ్మీ? దాన్నే దించు" అంది.

దించాను. ఆ ఎత్తు మరిచిపోకుండా మా ఆవిడ గోళ్ళరంగుతో రాడ్డు మీద గీత గీశాను. మా ఇంట్లో ఆ సీసా గురించి జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరిగి ఉండదు.

ప్రతి సభలోనూ తన మాట అయిపోగానే జనంలోంచి ఒక ఆడమనిషిని పిలిచి మైకు ఇచ్చేది. అలా ఒకసారి చిలకలగూడ అవ్వ తమ గల్లీకి నల్లా లేదని చెప్పింది. పైపు పడేదాకా మా ఎమ్మెల్యే అమ్మే నీళ్ళ ఆఫీసు చుట్టూ తిరిగింది.

మొన్న ఆమె పోయింది. మారేడ్‌పల్లిలో సంతాప సభ, మైకు నాదే. ఎర్ర గీత దగ్గరే పెట్టాను. మొదటి నాయకుడు వంగలేక విసుక్కున్నాడు.

"ఏందిరా, నన్ను వంగి దండం పెట్టమంటున్నవా?"

"ఇయ్యాలన్న పెట్టున్రి అన్నా."

ఎవరూ నవ్వలేదు. మైకు పైకెత్తాను. వచ్చినవాడల్లా ఆమెకు సొంత తమ్ముణ్ణన్నాడు. ఆ తమ్ముళ్ళకు ఒక రైలు సరిపోదు. వాళ్ళలో ఒక్కడూ ఆమె చేసిన పని చెప్పలేదు.

చిలకలగూడ అవ్వ నా పక్కకు వచ్చింది. "బిడ్డా, నల్లా సంగతి ఎవ్వలు చెప్తలేరు. జెర నన్ను చెప్పనియ్యి."

"ఫికర్ వెట్టకు అవ్వా. నీకోసం మైకు దించుత" అని ఆమె చెవి దగ్గర గట్టిగా మాటిచ్చాను.

చివరి నాయకుడు దిగగానే మైకును గీత దగ్గరికి దించాను. అవ్వ రాడ్డు పట్టుకుని మొదలుపెట్టింది. రెండో మాటకే వేదిక మీంచి సభ పెట్టినాయన చెయ్యి ఊపాడు, ఆపేయమని. భోజనాలు చల్లారుతున్నాయట. నాకు రేపటి సభలు ఇచ్చేది ఆయనే.

మైకు ఆపే నాబ్ తిప్పింది నా చెయ్యే.

అవ్వకు తెలియలేదు. చెవుడు. మాట బయటికి రాకుండానే మొత్తం చెప్పింది, కళ్ళు తుడుచుకుంది. జనం అప్పటికే లేచి పళ్ళేల వైపు నడుస్తున్నారు. దిగి నా దగ్గరికొచ్చింది.

"అందరికీ మంచిగ వినవడ్డదా బిడ్డా?"

"మంచిగ వినవడ్డదవ్వా."

బతుకంతా అబద్ధాలాడాను, అన్నీ నవ్వించడానికే. ఇది ఒక్కటే వేరు.

ఆ రాడ్డు ఇంకా నా దగ్గరే ఉంది. కిరాయికి ఇస్తూనే ఉన్నాను, మళ్ళీ మగవాళ్ళ ఎత్తులో.