మూడో లేన్

ఈతకొలను గ్యాలరీలో ఆమెను అందరూ లేనక్క అంటారు. వారంలో ఆరు రోజులు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు విడదీసే గదిలో ఆమె పని. ఏ వీధి ఉత్తరం ఏ అరలోకి వెళ్లాలో, చూడకుండానే చెయ్యి వెళ్తుంది. పిల్లల పోటీలున్న ఆదివారాల్లో మాత్రం ఇక్కడ మెట్లమీద కూర్చుని, పోటీల జాబితా ఒళ్లో పరుచుకుని, తలా తోకా తెలియని తల్లిదండ్రులకు దారి చూపిస్తుంది. ఆమె పిల్లలెవరూ ఆ నీళ్లలో లేరు.

"హీట్ అంటే వేడి కాదు తమ్ముడూ, విడత. మీవాడి చేతిమీద ఇంకుతో మూడంకెలు రాశారు చూడండి. మొదటిది పోటీ, తర్వాతది విడత, చివరిది లేన్."

వెనక వరసలో ఒక పెద్దమనిషి లేచి నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

"బాబాయ్, గొంతు కాస్త దాచుకోండి. మీరు అరుస్తున్నది ఎవరి పిల్లాడికో. మీవాడు అదుగో, ఇంకా టోపీ వెతుక్కుంటున్నాడు."

"అందరూ ఒకేలా ఉంటే ఏం చెయ్యనమ్మా? నీళ్లలో పడ్డాక కన్నతండ్రికి కూడా ఆనవాలు దొరకదు."

"అందుకే మొహం వెతక్కండి. అంకె పట్టుకోండి."

చుట్టూ నవ్వులు. ఆమే ముందు నవ్వుతుంది. కానీ యాభై మీటర్ల పోటీ దగ్గరపడే కొద్దీ ఆ నవ్వులో తడి ఆరిపోతుంది.

మిగతా పోటీలన్నీ గడియారమున్న గోడ దగ్గరే మొదలవుతాయి. ఈదేవాళ్ల కుడిచేతి వైపు మొదటి లేన్. యాభై మీటర్లంటే ఒక్క పొడవే. గడియారం దగ్గర ముగియాలి కనుక, పిల్లలు అవతలి గట్టు నుంచి దూకుతారు. పిల్లలు తిరుగుతారు, లేన్ల అంకెలు తిరగవు. మొదటి లేన్ ఇప్పుడు వాళ్ల ఎడమచేతికి వస్తుంది. ఉన్నవి ఎనిమిది లేన్లు; అది తెలియక మూడోదాన్ని వెతికిన కళ్లు ఆరోదాని మీద పడతాయి.

"ఈ ఒక్కదానికీ ఈదేవాళ్ల ఎడమ నుంచి లెక్కపెట్టండి," అని వరసవరసకూ తిరిగి చెబుతుంది. చెప్పి, వచ్చి కూర్చుని, తల దించుకుంటుంది. చప్పట్లు అయిపోయేదాకా ఎత్తదు. జాబితా సరిచూసుకుంటోంది కాబోలనుకుంటారు.

తొమ్మిదేళ్ల క్రితం కూతురికి పదకొండు. ఆ ఉదయం టోపీలోకి జుట్టు దోపుకుంటూ అంది: "మూడో లేన్ నాది. లేన్ అన్నారు కదా అని లేను అనుకునేవు అమ్మా. ఉంటాను."

తల్లి తాను నేర్చుకున్నట్టే కుడి నుంచి లెక్కపెట్టింది. ఎవరో పిల్ల కోసం అరచేతులు ఎర్రబడేలా కొట్టింది. మైకులో "మొదటి స్థానం, మూడో లేన్" అన్నప్పుడు గాని తప్పు తెలియలేదు. కూతురు మొదట రావడం అదొక్కసారే.

బట్టలు మార్చుకునే గది గుమ్మంలో, నీళ్లు కారుతూ, కూతురు అడిగింది. "చూశావా అమ్మా?"

"చూడకపోవడమేమిటే! రెప్ప వేస్తే ఒట్టు."

ఆ పిల్ల కాసేపు అలాగే చూసి, "సరే" అంది.

ఆ వానాకాలం జ్వరం నాలుగు రోజుల్లో ఆ పిల్లను తీసుకుపోయింది. అప్పటి నుంచి ఏ కుళాయి విప్పినా ధారలో నుంచి "ఉంటాను" అని వినిపిస్తుంది. వెంటనే, నీళ్లు బొట్లు బొట్లుగా ఆగేటప్పుడు, "సరే". ఆ సరేకి అర్థమేమిటి? తను ఆడింది అబద్ధమని ఆ పిల్లకు తెలుసా?

ఈ ఆదివారం ఒకావిడ తడుముకుంటూ వచ్చి పక్కన కూలబడింది. బేకరీలో పని, చేతుల మీద పొయ్యి మచ్చలు.

"అక్కా, కళ్లజోడు మెట్ల సందులో పడి ముక్కలైంది. నాకంతా నీలం మరకే. మా పిల్లకిది మొదటి పోటీ. మీరే చూసి చెప్పాలి. యాభై మీటర్లు, మూడో లేన్."

"అటుపక్కావిడని అడగరాదూ?"

"ఆవిడ తన పిల్లని చూసుకోదా ఏంటి!"

బేకరీ ఆవిడ ఆమె మణికట్టు పట్టేసుకుంది. ఈల మోగింది. లేనక్క తల ఎత్తింది.

"ఎడమ నుంచి ఒకటి... రెండు... మూడు. ఉంది." జాబితా పక్కన పెట్టేసింది. "దూకింది. ఇంకా లోపలే... తేలింది. ఎడమచెయ్యి కాస్త పొట్టిగా వేస్తోంది."

"అదే అక్కా, అదే మా పిల్ల! చిన్నప్పుడు విరిగింది ఆ చెయ్యి."

"పక్కపిల్ల దాటింది. పర్లేదు, కాళ్లు ఆపలేదు. గోడ ముట్టుకుంది. నాలుగో స్థానం."

"నాలుగో స్థానమా! మొన్నటిదాకా తలస్నానమంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది!"

లేనక్కకు ఆ మాట చేరలేదు. గోడ పట్టుకున్న పిల్ల అద్దాలు పైకి నెట్టింది. గడియారం వైపు చూడలేదు. కోచ్ వైపు చూడలేదు. ముందు గ్యాలరీ వైపు మొహమెత్తి, ఒక్కొక్క వరసా వెతికింది. ఆ పిల్లకు ఇటూ అటూ ఉన్నవాళ్లూ అంతే. ఎనిమిది తడిమొహాలు, ఒకేసారి, పైకి.

తొమ్మిదేళ్లుగా తల దించుకుని ఆమె చూడనిది ఇదే. అంటే ఆ రోజూ రెండు కళ్లు ఇలాగే పైకి వచ్చాయి. వెతికాయి. దొరికింది కూడా: వేరే పిల్ల వైపు వంగి చప్పట్లు కొడుతున్న అమ్మ. గుమ్మంలో అడిగింది ప్రశ్న కాదు. నిజం చెప్పమని ఇచ్చిన ఒక్క క్షణం.

"అక్కా, పలకరేం? అదేం చేస్తోంది?"

"మిమ్మల్ని వెతుకుతోంది. చెయ్యెత్తండి. ఇంకా పైకి."

బేకరీ ఆవిడ ఎటో తెలియని నీలంలోకి చెయ్యెత్తింది. లేనక్క ఆ మోచెయ్యి పట్టుకుని కొంచెం గోడ వైపు తిప్పింది.

"కనిపించానా? ఇంకా చూస్తోందా?"

"చూస్తోంది," అంది లేనక్క, నీళ్ల మీద నుంచి కళ్లు తీయకుండా. "చెయ్యి దించకండి."