సోది డాక్టరుగారి కల

నూజివీడు ప్రాంతానికి మొట్టమొదటి మనస్తత్వ నిపుణుడైన లక్ష్మీనరసింహారావుగారికి ఒకే ఒక దురలవాటు: ఎదుటివారి బాధ వినే ముందు, రాత్రి తనకొచ్చిన కల చెప్పి తీరతారు. నిద్రపట్టనివారికీ చెబుతారు, కరెంటు బిల్లు తెచ్చినవాడికీ చెబుతారు. అందుకే ఆగిరిపల్లి నుంచి మైలవరం దాకా ఆయన పేరు 'సోది డాక్టరు'. సోది అంటే అంతులేని కబుర్లని జనం ఉద్దేశం. ఎరుక చెప్పే విద్య అని ఆయన గర్వం.

ఆయన గదిలో గోడకు ఓ పాత చేట వేలాడుతుంది. దాని కింద, కాస్త చిన్నగా, డిగ్రీ. మనశ్శాస్త్రం ప్రయోగశాలలో పుట్టిందని పుస్తకాలంటాయి. ఆయన శాస్త్రం మాత్రం ఆ చేటలో పుట్టింది. చిన్నతనంలో తల్లి పోయి తనకు మాట పడిపోయినప్పుడు, అందులో బియ్యం పోసి సోది చెప్పిన ఎరుకల పోలమ్మే తన మొదటి ప్రొఫెసరని ఆయన సదస్సుల్లో సైతం ప్రకటించేవారు. ఆ మాటకు చప్పట్లు కొట్టినవారు లేరు.

కొత్తగా చేరిన సహాయకురాలు సుష్మ కూడా కొట్టలేదు. విశాఖలో ఎమ్మెస్సీ చదివిన ఆమెకు, ఒక్కొక్కరికి కేటాయించిన నలభై నిమిషాల్లో పదిహేను డాక్టరుగారి కలకే పోవడం శాస్త్రద్రోహంగా తోచేది.

"వాళ్ళ కల మనం వినాలి కదా సార్?"

"వినాలమ్మా. ముందు నాది అవనీ."

మే నెల మొదట్లో రెడ్డిగూడెం నుంచి సత్యవతి తన భర్త బుచ్చయ్యను బండెక్కించి తీసుకొచ్చింది. అతడు మామిడికోత ముఠాకు మేస్త్రీ. కిందటేడు కోతల్లో సత్యవతి తమ్ముడు చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆనాటి నుంచి బుచ్చయ్య తోటలో అడుగుపెట్టలేదు. ఇంట్లో నోరు విప్పలేదు.

"రేపట్నుంచి కోతలండీ. ఈయన రాకపోతే ముఠా ఇంకో మేస్త్రీ కిందకి పోద్ది. ఏంటయ్యా నీ బాధంటే పలకడు," అంది సత్యవతి.

బుచ్చయ్య నేల చూశాడు. సుష్మ వాచీ చూసింది.

"రాత్రి నాకో కల వచ్చిందయ్యా," అన్నారు డాక్టరుగారు. "బనీనూ పట్టుపంచెతో రసాల చెట్టు చిటారుకొమ్మ మీదున్నాను. ఓ కోతి నా డిగ్రీ ఎత్తుకుపోతోంది. కాయలు కోసే చిక్కం గడ రెండు చేతులా పట్టుకుని, ఆ వలసంచిలో కోతిని పట్టేద్దామని..."

ఎనిమిదో నిమిషంలో కోతికి కళ్ళజోడు వచ్చింది. పదో నిమిషంలో అది ఇంగ్లీషు మాట్లాడింది. పన్నెండో నిమిషంలో బుచ్చయ్య తలెత్తాడు.

"రెండు చేతులూ గడకేనా? మరి కొమ్మెవరు పట్టుకున్నారండీ?"

"ఎవరూ పట్టుకోలా. దబ్బున పడ్డా."

"పడరా మరి! ఒక చెయ్యెప్పుడూ కొమ్మకే ఉండాలండీ. ఇంత చదూకుని..." అంటూనే బుచ్చయ్య ఆగిపోయాడు. "మావోడూ అట్టాగే పడ్డాడండీ. లారీ వెళ్ళిపోద్ది, కొమ్మొదిలేసి రెండు చేతులా లాగరా అని కిందనుంచి అరిచింది నేనేనండీ."

సత్యవతి చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ సంగతి వాడు ఆసుపత్రి మంచం మీదే చెప్పాడు. నీ నోటితో చెప్తావేమోనని ఏడాదిగా చూస్తన్నా. వాడు లేచి తిరుగుతున్నాడయ్యా. నువ్వే ఇంకా లెగలేదు."

వాచీ సంగతి సుష్మకు గుర్తు రాలేదు. వాళ్ళు వెళ్ళాక అడిగింది: "రాత్రి నిజంగానే ఆ కల వచ్చిందా సార్?"

"నాకసలు కలలు రావమ్మా. పడుకుంటే బండరాయినే."

"మరి రోజూ చెప్పేవన్నీ?"

ఆయన చేట వైపు చూశారు. "పోలమ్మ నాకు అన్నీ తప్పులే చెప్పింది. మీ అమ్మ పచ్చచీర కట్టుకుని వెళ్ళింది నాయనా అంది. 'కాదు, నీలం' అన్నాను. నాకు తిరిగొచ్చిన మొదటి మాట అదే. పాపం, తెలియక తప్పు చెప్పిందని చాలా ఏళ్ళు అనుకున్నాను."

వారం తరువాత బుచ్చయ్య బుట్టెడు రసాలతో వచ్చాడు. చేతుల నిండా మామిడి సొన మరకలు. బుట్ట దింపీ దింపకముందే మొదలుపెట్టాడు.

"రాత్రి నాకో కలొచ్చిందండీ. చిటారుకొమ్మ మీద మీరు. అదే బనీను."

డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "పడ్డానా?"

"పడ్డారండీ. కింద నేనే పట్టుకున్నా," అంటూ బుచ్చయ్య నడుము సవరించుకున్నాడు. "ఏం బరువండీ బాబూ మీరు!"