నాలుగో కూత

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, మేముండే శాన్ రామన్ నుంచి యూటాలోని ఉప్పు సరస్సుకి కేంపింగ్‌కి వెళ్ళాము. అమ్మకి హాస్పిటల్‌లో డ్యూటీ ఉండి రాలేదు. వెళ్ళింది నాన్న, నేను, ఆ వేసవికి ఇండియా నుంచి వచ్చిన మా మేనత్త. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, కారు నడపడం అసలే రాదు. పప్పు మెత్తగా ఉడకందే ముద్ద దిగదని పట్టుబట్టి ప్రెషర్ కుక్కర్‌ని కూడా కారెక్కించింది. దారిలో ఆగిన ప్రతిచోటా అది కూత పెడుతుంటే పక్క టెంట్లవాళ్ళు తొంగిచూసేవాళ్ళు, నాకు తల కొట్టేసినట్టుండేది.

మేము చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సరస్సు నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోయి, కనుచూపు మేరా గట్టిపడిన ఉప్పే మిగిలింది. పిట్ట లేదు, చెట్టు లేదు. పొద్దుటి నుంచి డ్రైవ్ చేసిన నాన్న వెనక సీట్లో నిద్రపోయాడు. అత్తయ్య కారు నీడలో కేంపు స్టవ్ వెలిగించి, కాస్త తిరిగొస్తానన్న నాతో, "మూడు విజిల్స్ వచ్చేలోగా వచ్చెయ్యమ్మా," అంది. ఆమె పప్పుకి ఎప్పుడూ మూడే కూతలు.

కాసేపు నడిచానో లేదో, దూరంగా అత్తయ్య కనిపించింది. పొద్దున కట్టుకున్న అదే ఎర్రచీర. చెయ్యి ఊపుతోంది. నాకంటే ముందుకి ఎప్పుడు వచ్చిందా అనుకుంటూ అటే నడిచాను. నేను నడిచేకొద్దీ ఆమె వెనక్కి జరిగింది. చూస్తుండగానే సన్నగా సాగింది, పాదాలకీ నేలకీ మధ్య ఖాళీ కనిపించింది. భయం వేసి వెనక్కి తిరిగితే కారు లేదు. గట్టి ఉప్పు మీద నా అడుగుల గుర్తులు కూడా లేవు. నాలుగు వైపులా ఒకటే తెలుపు.

అప్పుడు వెనక నుంచి సన్నగా కుక్కర్ కూత వినిపించింది. రెండోది, మూడోది. ఎదురుగా ఎర్రచీర ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. కళ్ళ ముందున్న అత్తయ్య దగ్గరికే వెళ్ళాలనిపించింది, రెండడుగులు వేశాను కూడా. ఇంతలో నాలుగో కూత. అత్తయ్య చేతిలో పప్పు నాలుగో కూతదాకా ఎప్పుడూ వెళ్ళదు. అది పప్పు కోసం కాదని, నా కోసమని అర్థమైంది. ఎర్రచీరకి వీపు తిప్పి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. కూత వచ్చినప్పుడు నడిచాను, ఆగినప్పుడు నిలబడ్డాను. వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది. తిరిగి చూడలేదు. పదకొండు కూతలు లెక్కపెట్టాక స్టవ్ వాసన తగిలింది.

అత్తయ్య స్టవ్ ముందే కూర్చుని ఉంది. ముఖమంతా చెమట. నన్ను వెతకడానికి వేరే వైపు పోయిన నాన్న కూడా ఆ కూతలు పట్టుకునే కాసేపటికి వచ్చాడు. వస్తూనే ఖాళీ డబ్బాలు చూశాడు.

"తాగే నీళ్ళన్నీ కుక్కర్లో పోసేశావా అక్కా?"

"పొయ్యక? మీరిద్దరూ చెరో దిక్కుకి పోయారు. నేనూ కదిలితే ఇంక ఎక్కడికొస్తార్రా?"

నువ్వు అక్కడికొచ్చి చెయ్యి ఊపావు కదా అని అడిగాను. స్టవ్ దగ్గర నుంచి లేవనే లేదంది. నాన్న ఇంజినీరు కాబట్టి ఎండమావుల గురించి చాలాసేపు చెప్పాడు. అత్తయ్య అంతా విని, నేల మీది ఉప్పు గుప్పెడు తీసి నాకు దిష్టి తీసింది. తీసింది ఎక్కడ పారెయ్యాలో తెలియక, చుట్టూ అంతా ఉప్పే కాబట్టి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. దగ్గరి ఊరు చేరేదాకా ముగ్గురం ఫ్లాస్కులో మిగిలిన మజ్జిగే పంచుకున్నాము.

ఆ చెయ్యి ఊపినది ఎండమావేనని ఇప్పుడు నాకూ తెలుసు. అయినా తెల్లటి ఖాళీ నేల ఎక్కడ కనిపించినా ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

మా అబ్బాయి నాతో మాట్లాడటం మానేసి రెండేళ్ళయింది. వెళ్ళి తలుపు కొట్టమని కొందరు, వదిలెయ్యమని కొందరు చెప్పారు. నేను రెండూ చెయ్యలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, వాడు ఎత్తకపోతే, ఆ పూట ఏం వండానో మెసేజ్‌లో చెప్పి పెట్టేస్తాను. మూడు వారాలు చేసి ఊరుకుంటే అది మామూలు పలకరింపే అనుకుంటాడు. అందుకే ఇంకా చేస్తూనే ఉన్నాను.