నాలుక పైకెత్తండి

బుధవారం పొద్దున ఏడో మంచం మాస్టారికి బీపీ మాత్ర, గ్లాసుతో నీళ్లు ఇచ్చి, మింగారో లేదో చూడాల్సిన నర్సమ్మ, తన నోరే బార్లా తెరిచి నాలుక పైకెత్తి చూపించింది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని శ్రద్ధగా లోపలికి చూశారు.

"పళ్లు బాగున్నాయమ్మా. ఇక మూసుకో," అన్నారు, నోటికి ఒక పక్క నుంచి.

వెనకాలే హెడ్ నర్సు నిలబడి ఉంది. నర్సమ్మను మందుల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

"ఏంటే ఆ వేషాలు?"

చెప్పక తప్పలేదు. నాలుగేళ్లుగా డిప్రెషన్. పొద్దున్నే పక్క మీద నుంచి లేవడమే ఆమెకు ఒక డ్యూటీ, ఆసుపత్రిది రెండోది. నిరుడు మాత్రలు బుగ్గన దాచి, సింకులో ఉమ్మేసి, రెండు నెలలు గోడకేసి తిరిగి పడుకుంది. అప్పటి నుంచి రోజూ మాత్ర వేసుకుని, అత్తగారికి నోరు తెరిచి చూపించాకే చెప్పుల్లో కాళ్లు పెట్టాలి. ఆ అలవాటే ఇవాళ వార్డు దాకా వెంట వచ్చింది.

హెడ్ నర్సు తాళాల గుత్తి నడుముకు దోపుకుంది. "మందుల ట్రాలీ ఇంకొకళ్లకి ఇస్తాను తల్లీ. నువ్వు పక్కలు సర్దు. రేపు అటూ ఇటూ అయితే నా మెడకు చుట్టుకుంటుంది."

పద్నాలుగేళ్లుగా తోసిన ట్రాలీ. ఇంట్లో జడ వేసుకోలేని రోజున కూడా చేతులు తడబడని చోటు అదొక్కటే. వాదించే ఓపిక లేదు. "సరే మేడం," అంది. తలుపు తీయబోయి ఆగింది.

"మాస్టారి బీపీ మూడు రోజులుగా దిగట్లేదు కదా, ఒకసారి ఎడమ బుగ్గ చూడండి. నేనూ అప్పట్లో అలాగే ఒక పక్క నుంచి మాట్లాడేదాన్ని."

హెడ్ నర్సు వెళ్లి చూసింది. సగం కరిగిన మాత్ర బయటపడింది. "చేదుగా ఉందమ్మా," అన్నారు మాస్టారు, హోంవర్కు చేయని పిల్లాడిలా.

ట్రాలీ నర్సమ్మ దగ్గరే ఉండిపోయింది. మందులు సరిగ్గా వాడుతోందని నెలనెలా తన డాక్టరు రాసిన కాగితం తెచ్చి చూపించాలన్నది షరతు. అలసట కూడా ఆమె దగ్గరే ఉండిపోయింది. దానికి షరతులేం లేవు.

మర్నాడు మాస్టారు గొడవకు దిగారు. "మిగతావాళ్లు మాత్ర ఇచ్చి వెళ్లిపోతారు. నువ్వే పోలీసులా నోరంతా గాలిస్తావు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

"నన్ను మా అత్తయ్యే నమ్మదు మాస్టారూ, నాలుక పైకెత్తండి."