కుప్పంలో చేతి కొలత

నేను పనిలోకి దిగితే వీధి వీధంతా మొహం తిప్పుకునేది. మదనపల్లెలో బస్టాండుకు పోయే దారిలో ఉండేది మా వెల్డింగ్ షాపు. రాడ్డు ఇనుముకు తగిలి వెలుగు లేచిందంటే చాలు, పూలమ్మే ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది. సైకిళ్ల మీద పోయేవాళ్లు తల అటు తిప్పుకుని ఎదురొచ్చేవాళ్లను గుద్దేవాళ్లు. తల్లులు పిల్లల కళ్లు మూసేవాళ్లు. వాళ్లను తప్పు పట్టలేను, ఆ వెలుగు చూస్తే రాత్రంతా కళ్లల్లో ఇసుక పోసినట్టు ఉంటుంది. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఏళ్ల తరబడి, దారినపోయే ప్రతి మనిషీ నన్ను చూసి అటు తిరుగుతుంటే ఏదో ఒకరోజు మనసుకు తగులుతుంది. ఎడమ చేత్తో నల్లద్దం బిగించిన రేకు తెరను మొహానికి అడ్డం పట్టుకుని, కుడి చేత్తో రాడ్డు పట్టుకుని, ఆ చీకట్లో ఒక్క నిప్పుచుక్కను చూస్తూ కూర్చునేవాణ్ణి. పలకరించేవాళ్లు లేరు. ఉన్నా ఆ చిటపటలో వినపడదు.

మాది నిమ్మనపల్లె దగ్గర ఒక మెట్ట పల్లె. వరసగా వానలు ఎగ్గొట్టి వేరుశనగ మాడిపోయాక భూమి కౌలుకిచ్చి మదనపల్లె చేరాను. అమ్మా నాన్నా అప్పటికే లేరు. ఉన్నది ఒక్క అక్క. ఆమె అత్తగారిల్లు మదనపల్లెలోనే. ఆ ఇంటి వసారాలో నాకొక నులకమంచం వేసింది. ఇదంతా డెబ్బైల మొదట్లో సంగతి.

తోలు గ్లౌజులు పెద్ద ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకే అనుకునేవాళ్లం. మా మేస్త్రీ మొండి మనిషి. చెయ్యి కాలిందంటే, "కాలకుండా వెల్డింగ్ నేర్సుకున్నోడు యాడన్నా ఉండాడా?" అనేవాడు. తడి గోనెపట్ట చుట్టుకుని పని చేసేవాళ్లం. అది పది నిమిషాల్లో ఆరిపోయేది, తర్వాత దానికే నిప్పంటుకునేది. రవ్వలు పడి పడి నా చేతుల మీద, ముంజేతుల దాకా మచ్చలు తేలాయి. కొత్తలో ఎర్రగా ఉండి, పెంకు రాలాక తెల్లగా మిగిలిపోయేవి. నాది మంచి నలుపు. ఆ నలుపు మీద ఆ తెల్లమచ్చలు ఆమడ దూరం నుంచే కనపడేవి. అప్పుడు వాటి గురించి ఆలోచించలేదు.

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు అక్క పుంగనూరులో సంబంధం చూసింది. బస్సులో కూర్చున్నప్పటి నుంచీ ఒకటే పోరు. "రేయ్, చేతులు ఊరికే బయట పెట్టాకు. తువ్వాలు కింద పెట్టుకో." పెట్టుకున్నాను. కానీ కాఫీ ఇస్తే తువ్వాలు కింద నుంచి తాగలేం కదా. చెయ్యి చాపాను. పిల్ల తండ్రి నా చేతి వైపే చూస్తూ ఉండిపోయాడు.

"అవేంది నాయనా చేతికి?" అన్నాడు.

"నిప్పు రవ్వలు పడినాయి. వెల్డింగ్ పని కదా."

"అట్లనా. మీ ఇంట్లో ఇంకెవురికన్నా ఉండాయా ఇట్లాంటివి?"

అక్కకు కోపం ముంచుకొచ్చింది. "మా ఇంట్లో ఇంకెవురూ వెల్డింగ్ చెయ్యరులే మామా" అంది. ఆయన నవ్వాడు. పిల్ల తలుపు చాటున ఉంది, పచ్చ గాజులు మాత్రం చూశాను. వీధి చివరి దాకా వచ్చాక తువ్వాలు మరిచిపోయానని గుర్తొచ్చి నేనొక్కణ్ణే వెనక్కి పోయాను. వాకిట్లో కాలవ గట్టు మీద నేను తాగిన గ్లాసు వేరుగా పెట్టి ఉంది. పిల్ల తల్లి దాని మీద బూడిద పోస్తోంది. నన్ను చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. తువ్వాలు అడగకుండానే వచ్చేశాను.

పిల్లకు ఇంకా వయసు చాలదని కబురు వచ్చింది. అసలు మాట వేరే దారిలో వచ్చింది. నాకు బొల్లి ఉందంట. ఆ మాట నాకంటే ముందు బస్సెక్కేది. కలికిరి సంబంధం వాళ్లయితే మనిషిని చూడకుండానే "మచ్చలోడు కదా" అన్నారంట. అక్క డాక్టరు దగ్గర చీటీ రాయించింది. చీటీ చదివి పిల్లనిచ్చేవాళ్లు ఎవరున్నారు? ఎవరి మీద కోప్పడాలో తెలియక రోజంతా ఇనుము మీద సుత్తితో కొట్టేవాణ్ణి.

ఆ తర్వాత ఏడాది కుప్పం దగ్గర రాళ్ల క్వారీలో క్రేను విరిగితే అతకడానికి నన్ను పంపారు. అక్కడ ఒక పనివాడి చేతులకు మోచేతుల దాకా తోలు గ్లౌజులు ఉన్నాయి. యాడ కొన్నావంటే, రైల్వే స్టేషన్ వెనక ఒకామె కుట్టి ఇస్తుందన్నాడు. తమిళ ఊళ్ల తోలు ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కలు రైల్లో తెప్పించుకుని కుడుతుందంట. పని అయిపోయిన మధ్యాహ్నం వెతుక్కుంటూ పోయాను. గ్లౌజులుంటే కొత్త మచ్చలు పడవు, పాతవి మానతాయి, అప్పుడు మళ్లీ సంబంధాలు చూడొచ్చు. నా ఆశంతా అదే.

ఆమెకు నా వయసే ఉంటుంది. ఒంటిగది ఇల్లు, గుమ్మానికి ఎదురుగా కుట్టు మిషను. భర్త తోలు ఫ్యాక్టరీలో సున్నం గుంతల్లో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడట. పిల్లల్లేరు. గోధుమరంగు కాగితం గుమ్మం పక్కన అరుగు మీద పరిచి, "చెయ్యి పెట్టప్పా" అంది. పెట్టాను. వేళ్లు ఒక్కొక్కటీ ఎడంగా జరిపి, అదిమి పట్టుకుని, పెన్సిలుతో చుట్టూ గీసింది. మచ్చలు చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

"రవ్వలు పడినాయా? కదిలించొద్దప్పా, గీత పోతాది. మా ఆయనకు సున్నంలో నాని నాని చేతులు మోచేతుల దాకా తెల్లగా అయిపోయినాయి. చెయ్యి చెయ్యే కదా" అంది.

నా చేతిని ఇంకో మనిషి అంతసేపు పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు సిగ్గుగానే ఉంది.

కొలత అయ్యాక, "కాఫీ తాగతావా అప్పా?" అంది.

"ఇప్పుడే తాగొచ్చినానమ్మా" అన్నాను. తాగలేదు. పొద్దున్నుంచి నీళ్లు కూడా లేవు. కానీ ఆలోచించకుండానే ఆ మాట వచ్చేసింది. తోలు పని చేసే ఇంట్లో మావాళ్లు ఏమీ ముట్టరు. అది నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, మా పల్లెలో పుడితే నడక వచ్చినట్టే అదీ వస్తుంది.

గ్లౌజులు బూడిదరంగులో, మందంగా, మొదటి మూడు రోజులు వేలు వంచలేనంత బిరుసుగా ఉండేవి. చెక్క సుత్తితో కొట్టి మెత్తబరుచుకున్నాను. మేస్త్రీ నవ్వాడు, నెల తిరక్కుండా తనకూ ఒక జత తెప్పించమన్నాడు. అక్క మాత్రం వాటిని వసారా ఎక్కనివ్వలేదు. వాకిట్లో చెప్పుల పక్కన వాటి చోటు. ఆయుధపూజ రోజు మిషనుకు, సుత్తికి, రాడ్డు పట్టుకునే కత్తెరకు అన్నిటికీ కుంకుమ పెట్టి, గ్లౌజులు తీసి బయట పెట్టాడు మేస్త్రీ. నాకు అదేమీ తప్పనిపించలేదు.

వెల్డింగ్‌లో కుడి చెయ్యి నిప్పు దగ్గర ఉంటుంది, ఎడమది తెర పట్టుకుని దూరంగా ఉంటుంది. అందుకని ఏడాది తిరిగేసరికి కుడి గ్లౌజు మాడి, గట్టిపడి, పగిలిపోయేది. ఎడమది కొత్తగానే ఉండేది. నాకు కావలసింది కుడిది ఒక్కటే. అయినా ప్రతి ఏడూ జత కావాలనేవాణ్ణి. పాత కొలత బిగుతయిందని చెప్పి రెండు చేతులూ కాగితం మీద పెట్టేవాణ్ణి. ఆమె గీసేది. మంచం కింద ఎడమచేతి గ్లౌజులు ఏడు పోగయ్యాయి. అవి వసారాలోకి చేరాయని తెలిసిన రోజు అక్క తిట్టిన తిట్లు వీధంతా విన్నది.

పలమనేరు బండ్ల మీద మామిడికాయలు కనపడే కాలంలో నా ప్రయాణం. పుంగనూరు వచ్చినప్పుడు ఆ వీధి వైపు చూడకుండా అవతలి కిటికీ వైపు తిరిగేవాణ్ణి. కుప్పంలో దిగి అరుగు మీద కూర్చుంటే ఆమె మిషను ఆపి మాట్లాడేది. రైలు ఆలస్యమైన సంగతి, తోలు తడిసొచ్చిన సంగతి, ఇంటి కప్పు కారే సంగతి. లేచేటప్పుడు కాఫీ అడిగేది. ఇప్పుడే తాగొచ్చాననేవాణ్ణి. ఆ అబద్ధం మా ఇద్దరి మధ్య పలకరింపులాగా అయిపోయింది.

కొత్త మచ్చలు పడడం ఆగింది. పాతవి మానలేదు. ముప్పై దాటాక అక్క సంబంధాల మాట ఎత్తడం మానేసింది. నాకూ వేరే ఆలోచన మొదలైంది. ఏడాది పొడుగునా నేను ఎదురుచూసేది ఆ ఒక్క మధ్యాహ్నం కోసమే అయినప్పుడు ఆమెనే అడిగితే ఏమవుతుంది? ఒంటరిదే కదా, నేనూ ఒంటరివాణ్ణే. బస్సులో మాటలు కూర్చుకునేవాణ్ణి. అరుగు మీద కూర్చోగానే అన్నీ మరిచిపోయేవాణ్ణి. అడగాలంటే ముందు ఆ ఇంట్లో ఒక గుక్క నీళ్లు తాగాలి కదా అన్నది మాత్రం ఒక్కసారి కూడా తోచలేదు.

ఎనిమిదో ఏడు. కుడి చెయ్యి గీస్తూ చిటికెనవేలు దగ్గర పెన్సిలు ఆపింది.

"ఒక మాట అడగతా, కోపం చేసుకోవాకప్పా."

"అడుగమ్మా."

"ఈ వయసులో చెయ్యి పెరగదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మొదట గీసిన కాయితం అదో, మేకుకు ఉండాది సూడు. ఎప్పుడూ దాంతోనే కోస్తాండా. నీకు బాగుంటాదని గీస్తాండా, అంతే. నాకూ బాగానే ఉండాది." నా చెయ్యి ఇంకా ఆమె చేతి కిందే ఉంది. "చెయ్యి పట్టుకోనిస్తావు. నా చేతి నీళ్లు మాత్రం తాగవు. యాలప్పా?"

నిజం చెప్పి ఉండొచ్చు. నేను, "నాకు కాఫీ అలవాటు లేదమ్మా" అన్నాను. ఎనిమిదేళ్లుగా ఇప్పుడే తాగొచ్చానని చెప్పినవాణ్ణి!

"అట్లనా" అంది. చెయ్యి వదిలేసింది. ఆ రోజు కాఫీ అడగలేదు.

బస్సెక్కాక మొదట ఆమె మీదే కోపం వచ్చింది. ఆడమనిషి అట్లా మొహాన అడగొచ్చా అని పళ్లు కొరుక్కున్నాను. పుంగనూరులో బస్సు చాలాసేపు ఆగింది. ఈసారి ఆ వీధి వైపు చూశాను. ఆ ఇంటి పెద్దమనిషిని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. ఆయన తెలియక భయపడ్డాడు. నేను అన్నీ తెలిసీ ఎనిమిదేళ్లు ఏం చేశాను? గ్లాసు తర్వాత బూడిదలో వేసినా ముందు కాఫీ అయితే ఇచ్చాడు కదా ఆయన. నేను ఆమెకు ఇచ్చే అవకాశం కూడా ఇవ్వలేదు. పక్క సీటు ముసలాయన ఏం నాయనా కళ్లు ఎర్రగుండాయే అంటే, వెల్డింగ్ అన్నాను.

నాలుగు నెలలు ఆలోచించాను. చివరికి ఒక సాయంత్రం అక్కతో చెప్పాను. "కుప్పంలో గ్లౌజులు కుట్టే ఆమె ఉండాది. ఒప్పుకుంటే చేసుకుంటా."

అక్క చేటలో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది. "అట్లయితే ఆ గ్లౌజుల మాదిరే నువ్వూ వాకిట్లోనే ఉండాల్సొస్తాది" అంది. ఏడుస్తూనే అంది.

"ఉంటాలే" అన్నాను.

తెల్లారి మొదటి బస్సుకే పోయాను. ఆ రోజు దారిలో ఏమీ తాగలేదు. పలమనేరులో కండక్టరు టీ ఇప్పిస్తానన్నా వద్దన్నాను. మొట్టమొదటి గుక్క ఆ ఇంట్లోనే తాగాలని నా పిచ్చి పట్టుదల. కుప్పంలో దిగేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

ఆమె మిషను మీద ఉంది. నన్ను చూసి, "కొలత వద్దప్పా, ఉండాది. వారం తర్వాత ఎవురితోనన్నా తెప్పించుకో" అంది. మిషను ఆపలేదు. నేను అరుగు మీద కూర్చోకుండా గుమ్మం దాకా వచ్చాను. అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

"గ్లౌజుల కోసం రాలేదమ్మా. దప్పికగా ఉండాది. నీళ్లిస్తావా?"

చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను ఎందుకొచ్చానో ఆమెకు అర్థమైంది. ఆమెకు అర్థమైందని నాకూ తెలిసింది.

"ఇప్పుడే అయిపోయినాయప్పా" అంది. "స్టేషన్లో కొళాయి ఉండాది. మంచినీళ్లే. పోయి తాగు."

గొంతులో కోపం లేదు. నేను ఎనిమిదేళ్లు చెప్పినంత మర్యాదగానే చెప్పింది. ఆమె మోకాలి పక్కన మట్టి కుండ ఉంది. అంచు దాకా నిండి, చుట్టూ చెమ్మ పట్టి ఉంది.

"సరేనమ్మా" అన్నాను.

స్టేషన్ దాకా నడిచి, కొళాయి కింద దోసిలి పట్టుకుని కడుపు నిండా తాగాను.