ఎవరూ అడ్డం రాని పావు మైలు

మణుగూరు నుంచి పినపాక మీదుగా కరకగూడెం దాకా, మళ్లీ వెనక్కి. ఈ దారిలో భద్రు ఇరవై ఏళ్లు కిరాయి జీపు నడిపాడు. ఆ ఇరవై ఏళ్లలో నాలుగో గేరులో ఎక్సలేటరు నేలకు ఆనేదాకా తొక్కింది ఒక్కసారి కూడా లేదు. భయపడి కాదండీ. తొక్కనిచ్చేదెవరు? మేకలు అడ్డం, బర్రెలు అడ్డం, ఇప్పపువ్వు ఏరుకొచ్చే ఆడవాళ్లు అడ్డం, బొగ్గు లారీలు అడ్డం. వీటన్నిటినీ తప్పించుకుని కాస్త జోరందుకునేసరికి ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు.

ఆ దారికి ఒక కట్టుబాటుంది. ఎవరూ రాసిపెట్టలేదు, ఏ ఆఫీసరూ వచ్చి చెప్పలేదు. అడవిలో చెయ్యెత్తితే బండి ఆగాలి. లోపల కాలు పెట్టే సందు లేకపోయినా ఆగాలి. ఈ బండి పోతే మళ్లీ బండి ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి. పైగా చెయ్యెత్తిన మనిషి ఎక్కాలనేమీ లేదు. దవాఖానాలో ఉన్న అల్లుడికి అన్నం గిన్నె ఇచ్చి పంపవచ్చు. తప్పిపోయిన కోడెదూడ దొరికిందని అవతలి ఊళ్లో అక్కకు చెప్పమనవచ్చు. కోయగూడెం సీతయ్య అయితే ఒకసారి మిట్టమధ్యాహ్నం చెయ్యెత్తాడు. జీపు ఆగాక నింపాదిగా దగ్గరికొచ్చి, "ఏం లేదు భద్రూ, మంచిగున్నవా?" అని అడిగి తన దారిన తాను పోయాడు. జీపులో కుక్కుకుని కూర్చున్న పద్నాలుగు మందీ గొల్లున నవ్వారు. భద్రు కూడా నవ్వి, "మంచిగున్న మామా" అంటూ గేరు వేశాడు. చెయ్యి చూసి ఆపకుండా పోయిన డ్రైవరుకు ఆ ఊళ్లల్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

భద్రు మంచివాడు, ఒప్పుకోవాల్సిందే. మంచివాడికి మాత్రం కోరిక ఉండదా ఏమిటి? ఆయన కోరిక ఒక్కటే. ఎవరూ అడ్డం రాని రోడ్డు. చచ్చేలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తొక్కిన కాలు ఎత్తకుండా ఆ చివర నుంచి ఈ చివరదాకా పోవాలి. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్య బాలికి తప్ప. పినపాక పక్క తండాలో వాళ్లిద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలోనే, మన వీలు కోసం తెలుగులో చెప్తున్నాను. బాలి విని, "అందరికీ ఇల్లు కావాలె, పొలం కావాలె. నీకు రోడ్డు కావాల్నా? నీ పిచ్చి తగలెయ్య!" అని నవ్వింది. నవ్వింది కానీ మరిచిపోలేదు.

బొగ్గు గనుల్లో పనిచేసే ఆఫీసరొకాయన బదిలీ అయి వెళ్తూ తన పాత మారుతి కారును భద్రుకు అమ్మి వదిలించుకున్నాడు. ఎడమ తలుపు సొట్ట, రంగు వెలిసిపోయింది, ఇంజను మాత్రం గుండ్రాయిలా ఉంది. భద్రు దాన్ని ఇంటిముందు చెట్టు కింద పెట్టి రోజూ తుడుచుకునేవాడు, అంతే. అది దేనికి పనికొస్తుందో 2006 వానాకాలం దాకా ఆయనకూ తెలియదు.

ఆ ఏడు జీపుకు బేరింగు కొనడానికి ఖమ్మం పోయినప్పుడు సామాన్ల షాపు గోడమీద ఒక కాగితం కనిపించింది. హైదరాబాదు అవతల, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద కార్ల పందెం. డిసెంబరులో ఒక ఆదివారం. వంపులుండవు, పావు మైలు తిన్నగా పరుగు. ఒకసారికి రెండు కార్లు, పక్కపక్క దారుల్లో. చిన్న కార్లకు తరగతి వేరే. భద్రు అంతా చదివించుకుని షాపతన్ని ఒక్కటే అడిగాడు.

"మేకలు గిట్ల రావా?"

"మేకలెక్కడియి అన్నా? రెండు దిక్కులా తాడు కడ్తరు. ఈగ గూడ రాదు."

ఆ రోజు భద్రు బేరింగు అక్కడే మరిచిపోయి వచ్చాడు.

మణుగూరులో షెడ్డు నడిపే వెంకటప్పయ్య మేస్త్రీ ఈ సంగతి విని పాన కింద పెట్టాడు. అరవై దాటిన మనిషి, మాటలు తక్కువ, మోకాళ్ల నొప్పులు ఎక్కువ.

"అక్కడికొచ్చేటోళ్లు లక్షలు పోసి ఇంజన్లే మార్పిస్తరు. నీ దగ్గరేముందిరా?"

"మీరున్నరు గద మేస్త్రీ."

ఈ మాటకు మేస్త్రీ మంచులా కరిగిపోయాడు. పైకి మాత్రం విసుక్కున్నాడు. "సరే తియ్. జోరు కొనుక్కునే పనిలేదు. ఉన్న జోరును ఏది తింటుందో చూసి దాని నోరు మూస్తే సాలు" అన్నాడు.

మొదట జాకీ ఎత్తి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. సగం తిరిగి ఆగిపోయింది. "చూసినవా? నువ్వు ఎక్సలేటరు తొక్కుతున్నవ్, ఇది లోపల్నించి బ్రేకు పట్టుకుంటుంది" అని దాన్ని విప్పి శుభ్రం చేసి, గిర్రున తిరిగేదాకా వదల్లేదు. ఎయిర్ ఫిల్టరు తీస్తే ఖమ్మం మార్కెట్లో మిర్చి దులిపినట్టు ఎర్రదుమ్ము రాలింది. దాన్ని పారేసి కొత్తది, మూడు కొత్త ప్లగ్గులు వేశారు. కొన్నవి ఈ నాలుగే. ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో చూసే టైమింగు పని మేస్త్రీ చెవితోనే చేశాడు. వెంట్రుకవాసి ముందుకు తిప్పడం, ఇంజను టకటకమంటే మళ్లీ వెనక్కి. ఒక పూటంతా అదే. ముందు చక్రాలు లాగే బండి కాబట్టి, రోడ్డును పట్టుకునేలా ముందు టైర్లలో గాలి కాస్త తగ్గించి, వెనక టైర్లు గట్టిగా నింపమన్నాడు.

ఇక బరువు. వెనక సీటు పోయింది. చాపలు పోయాయి. వైపర్లు పోయాయి. వెనక సీటును ఇంటిముందు వేస్తే తండా ముసలివాళ్లంతా దానిమీదే కూర్చుని చుట్టలు కాల్చడం మొదలుపెట్టారు. బండి నుంచి తీయడానికి ఇంకేమీ మిగలక భద్రు తన బరువు మీద పడ్డాడు. రాత్రి అన్నం మానేశాడు.

"బండి మీద ఇనుము తీస్తే సరే, నీ మీదున్న ఆ గుప్పెడు కండ గూడ తీస్తవా?" అని బాలి గిన్నె ఎత్తి నేలకేసి కొట్టినంత పని చేసింది. భద్రు ఆ పూటకు తిన్నాడు.

అన్నిటికంటే కష్టం గేర్లు. ఇరవై ఏళ్లు జీపు గేరు మెల్లగా మార్చిన చెయ్యి. ఇంజను ఆపేసి, కారులో కూర్చుని, బాలి గుమ్మంలో బియ్యం ఏరుతూ "ఊ" అన్నప్పుడల్లా ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మార్చేవాడు. రోజుకు వందసార్లు. క్లచ్చి వదిలేటప్పుడు చక్రం ఒట్టిగా తిరగకుండా, బండి పడుకోకుండా ఎక్కడ వదలాలో ఆయన కాలికి మెల్లగా తెలిసింది. రోడ్డు మీద కూడా చూద్దామని నాలుగు తెల్లవారుజాములు కారు తీశాడు. నాలుగుసార్లూ ఎవరో చెయ్యెత్తారు. నాలుగుసార్లూ ఆపాడు. వెనక సీటు లేని కారులో వాళ్లు నేలమీద చతికిలబడి, "గిదేం కారు భద్రూ, గొర్రెల బండోలె ఉంది" అని తిట్టుకుంటూ దిగిపోయారు.

పందానికి ముందురోజు బాలిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మోకాళ్ల మూలంగా మేస్త్రీ రాలేకపోయాడు. ఒక గోనెసంచి చేతికిచ్చి, "లైను దగ్గర నిలబడ్డంతసేపు తడిపి ఇంజను మీద కప్పు, చల్లటి గాలి పీలిస్తది. బయల్దేరేముందు తియ్యి. ఇక నీ చెవి ఇంజను మీద, కన్ను రోడ్డు చివర. నడుమ ఏముందో సూడకు" అని పంపాడు.

అక్కడ కుర్రాళ్లు, రంగురంగుల కార్లు, చెవులు పగిలే సైలెన్సర్లు. భద్రు స్టెప్నీ, జాకీ దించి, మూడు లీటర్ల పెట్రోలు ఉంచి మిగతాది డబ్బాలోకి లాగాడు. బాలి ఆ స్టెప్నీ మీదే కూర్చుంది. ఇంజను మీద తడి గోనెసంచి చూసి ఒక కుర్రాడు, "ఏం అంకుల్, బండికి జ్వరమా?" అన్నాడు.

"అవ్ బాబూ. తడిగుడ్డ ఏసిన" అన్నాడు భద్రు. వాళ్లతోపాటు తనూ నవ్వాడు. ఆయన మనసు ఇక్కడ లేదు. వంతు రాగానే గోనెసంచి తీసేసి కారును గీత దగ్గరికి తెచ్చాడు. ఎదురుగా రోడ్డు ఉంది. మేక లేదు, బర్రె లేదు, గుంత లేదు. రెండు పక్కలా తాడు. తన కోసమే ఊడ్చి పెట్టినట్టుంది.  నలభై రెండేళ్ల మనిషి, ఏడుపు ఆపుకోవడానికి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

పక్క దారిలో ఎర్ర కారు వచ్చి నిలబడింది. పచ్చ లైటు వెలిగింది.

క్లచ్చి సరిగ్గా ఎక్కడ వదలాలో అక్కడ వదిలాడు. కారు ఎగిరి దూకింది. రెండో గేరు. బాలి "ఊ" అన్నట్టే చెవిలో వినిపించింది. మూడో గేరు. ఎర్ర కారు అద్దంలో వెనక్కి పోయింది. నాలుగో గేరు పడింది, ఎక్సలేటరు నేలకు ఆనింది, ఇంకా ఆనే ఉంది. సొట్ట తలుపు దడదడలాడింది. భద్రు నోరు తెరిచి అరిచాడు. ఏమరిచాడో ఆయనకే తెలియదు. జీవితంలో అంత సంతోషం ఆయన ఎరగడు.

మూడొంతుల దూరం కావస్తోంది. తాడు అవతల, ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకునే ముసలమ్మ ఒకామె నిలబడి ఉంది. ఆమె చెయ్యెత్తింది.

భద్రు ఆలోచించలేదు. ఆలోచిస్తే కదా ఏమైనా చెయ్యడానికి! కాలు ఎక్సలేటరు మీంచి లేచి బ్రేకు మీద పడింది. కారు కీచుమంటూ ఆమెను దాటి పది గజాల అవతల ఆగింది. ఎర్ర కారు రయ్యిమని పక్కనుంచి దూసుకుపోయింది. భద్రు అద్దం దించి, తల బయటపెట్టి అడిగాడు.

"ఏడికి పోవాలె అవ్వా?"

ముసలమ్మ తెల్లబోయింది. "నేనేడికి పోత బిడ్డా? ఎండ కొడ్తుంటే కండ్లకు చెయ్యడ్డం పెట్టుకున్న" అంది.

అప్పుడు తెలిసింది తానెక్కడ ఉన్నాడో. ఎదురుగా వంద గజాలు. అవతల తెల్లగీత. వెనక జనం ఈలలు, నవ్వులు. మొదటి గేరు వేసి, ఆ వంద గజాలూ పెళ్లి ఊరేగింపులా మెల్లగా పోయి గీత దాటాడు.

టైము చూసే అతను కాగితం ఇచ్చాడు. అతను నవ్వలేదు. "అన్నా, సగం దూరం దాకా ఈ తరగతిలో నీ అంత తక్కువ టైము పొద్దటిసంది ఎవరికీ పడలే. నిజంగ చెప్తున్న. ఎందుకాపినవ్?" అని అడిగాడు.

భద్రు, "ఇంకొక్కసారి పోనిస్తరా సార్?" అన్నాడు.

"బండికి ఒక్కటే అన్నా. ఇంకా అరవై కార్లు లైన్ల ఉన్నయ్."

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. బాలి ఆ కాగితాన్ని మడిచి రవికలో పెట్టుకుంది. చదవడం రాకపోయినా అది పారేసేది కాదని ఆమెకు తెలుసు. సూర్యాపేట ఇంకా రాకముందే మాట కలిపింది.

"వచ్చేయేడు మల్ల పెడ్తరంట. ఈసారి మనోళ్లను నలుగుర్ని తీస్కపోదం. తాడు పొడుగున నిలబెడ్త. ఎవ్వర్నీ చెయ్యెత్తనియ్య."

"ఎత్తితే?"

"సూడనట్టు పో. నీ కోసం ఎత్తింది కాదు గద."

 సూర్యాపేట వచ్చింది, పోయింది. ఎడంపక్క పత్తి చేలు మొదలయ్యాయి. అప్పుడు అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"సూసినంక పోలేను బాలీ. మల్ల ఆపుత. పదిసార్లు పోనిచ్చినా పదిసార్లు ఆపుత. నాకు తెలుసు."

"మరి పోనీ తియ్. ఇడిసిపెట్టు."

"ఇడిసిపెట్టలేను. నాకు గా రోడ్డు కావాలె" అన్నాడు భద్రు. "ఇప్పుడు గూడ కావాలె." ఆ మాటతో కట్ట తెగింది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే నడిపాడు.

బాలి కొంగు తీసి ఆయన కళ్లు తుడిచింది, ఒకటి, తర్వాత రెండోది.

"ముందు సూసి నడుపు" అంది.